రేకులో పొద్దు పొడిపించినవాడు

బాపూ! పెంబర్తి అరుగు మీద ఎండను పట్టి రేకుగా పరిచినవాడా! రాగీ తుత్తునాగమూ మనువాడితే పుట్టిన పసిడివన్నె పాపకు తీగలూ తామరలూ తొడిగినవాడా! నీ సుత్తె పాట లేకుండా మా వాడకు తెల్లవారింది లేదు. టకటకమని లేచి, టంగుమని నిలిచి, మళ్లీ మెల్లమెల్లగా మెట్లు దిగే ఆ పాటే మాకు జోల, మాకు మేలుకొలుపు, మాకు బడిగంట.

ఏమని పొగడను నీ పనితనం! కాగిన లక్కను పరుపుగా పరిచేవాడివి, ఆ పరుపు మీద రేకును పవళింపజేసేవాడివి. లక్క గట్టిపడ్డాక గీత గీసి, ఉలి ఆనించి, ఊపిరి బిగబట్టి కొట్టేవాడివి. వెనకనుంచి దెబ్బ పడితే ముందువైపు రూపం లేచేది. నీ కంటికి కనబడేది గుంట, లోకం చూసేది దేవుడి బుగ్గ! గరుత్మంతుడి రెక్క అట్లా విచ్చుకుంది. సింహం జూలు అట్లా చెలరేగింది. మకరతోరణం అట్లా వంపు తిరిగి స్వామి తల మీద వానవిల్లయింది. లక్క కరిగించి, రేకు విడదీసి, చింతపండుతో తోమి ఎత్తి పట్టుకుంటే, అబ్బ, ఇల్లంతా వెలుగు! అవ్వ ముఖమంతా వెలుగు!

నీ బతుకూ అట్లనే గదా బాపూ. ఎప్పుడూ వెనకవైపే నిలబడ్డావు. అప్పు దెబ్బ, కరువు దెబ్బ, రేకు ధర పెరిగిన దెబ్బ, గిరాకీ లేక కొలిమి చల్లారిన దెబ్బ, అన్నీ నీ వీపు మీదే పడ్డాయి. ముందువైపు మాకు కనబడ్డవి బతుకమ్మ పండుగకు కొత్త గౌన్లు, కొత్త పుస్తకాల వాసన, అవ్వ చెవులకు కమ్మలు. ఇత్తడిని వంచిన చెయ్యి బిడ్డల మీద ఒక్కనాడూ లేవలేదు. కాయలు కాసిన ఆ వేళ్లే నా జడ చిక్కు తీసేవి. వెంట్రుక కూడా నొచ్చేది కాదు.

ఓరుగల్లు ఏలిన కాకతీయుల నాటి గుళ్లకూ రథాలకూ తొడుగులైన పని ఇది. నైజాం జమానాలో పాన్‌దాన్లై, అత్తరుదాన్లై దివాణాలకు నడిచిన పని ఇది. భౌగోళిక గుర్తింపు పొందిన పని. 2023లో పెంబర్తి ఉత్తమ పర్యాటక గ్రామాల వరుసలో నిలిచినప్పుడు ఊరంతా మురిసింది. ఆ మురిపెంలో నీ పేరు ఎవరూ పలకలేదు. పలకకపోతేనేం! ఏ ధ్వజస్తంభం తొడుగు మీద, ఏ గర్భగుడి తలుపు మీద నీ పేరు చెక్కుకున్నావు గనుక? దేవుడి పేరు ఉన్నచోట తన పేరెందుకు అనుకున్న తరం మీది. ఆ తరాన్ని తలుచుకుంటే నేను కరిగి నీరవుతాను.

చూపు మసకబారి, సుత్తె చేజారి, పని చాలించిన నాటినుంచి నువ్వు పూర్తిగా మావాడివయ్యావు. లింగాల ఘనపూర్‌లో నా ఇంటికి బస్సు దిగి వచ్చేవాడివి. చేతిలో సంచి, సంచిలో మనుమలకు మక్కకంకులు, మాటలో తేనె! జీడికల్ రాముడి జాతరలో మనుమరాలిని భుజానికెత్తుకుని నడుస్తుంటే నువ్వే రథం, అదే ఉత్సవమూర్తి. మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చునేవాడివి. పని మానిన చేతుల్లోంచి పాట పోలేదు. వెన్నెల రాత్రుల్లో ఆ తాళానికి పిల్లలు నిద్రపోయేవాళ్లు, నేను మేలుకునేదాన్ని.

ఓ కంచుగొంతుకా, ఓ ఇత్తడి చేయీ, ఓ వెన్నపూస గుండే! ఇప్పుడు ఏ గుడికి వెళ్లినా తోరణం దగ్గరే నా కాళ్లు ఆగిపోతాయి. ఆకు ఆకునా నీ ఉలి, అంచు అంచునా నీ ఊపిరి వెతుక్కుంటాను. అది నువ్వు చేసిందో, నీ తోటివాళ్లు చేసిందో, నాకు తేడా లేదు. రెండు దండాలు పెడతాను. మొదటిది నీకు, రెండోది స్వామికి. ఆయన ఏమీ అనుకోడులే బాపూ, నీ నీడన కూర్చున్నవాడే గదా!