సారె ఎరగని చేతులు

నైరుతి అమెరికాలోని ప్యూబ్లో జనానికి కుండ చేయడానికి సారె లేదు. కాల్చడానికి కట్టిన ఆవం కూడా లేదు. మట్టిని పొడుగ్గా తీగ సాగదీసి, చుట్టమీద చుట్ట పేర్చి, వేళ్ళతో నొక్కి, ఎండిన సొరకాయ బుర్ర ముక్కతో గీకి గోడ పలచన చేస్తారు. మట్టి పగలకుండా పాత పెంకులో, రాయో దంచి కలుపుతారు. ఇంత మొరటు సరంజామాతో అంత నాజూకు ఎలా సాధ్యమో, చూసినకొద్దీ ఆశ్చర్యమే!

రంగుల గిన్నెలను మెచ్చుకునేవారు బోలెడంతమంది. నా ఓటు మసిపట్టిన వంటకుండకు. దాని వెలుపలి చుట్టలను చెరపకుండా, వరసగా బొటనవేలితో నొక్కి వదిలేసేవారు. ఒళ్ళంతా చేప పొలుసుల్లా ఉంటుంది. వెయ్యేళ్ళ నాటి వేలిముద్రలు ఇంకా చెక్కు చెదరలేదు. వాటిని కొలిస్తే ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ కూడా ఉన్నాయని తేలిందట.

ఈ కుండలే చుట్టరికాల చిట్టా. చాకో లోయ వంటకుండల మట్టిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన పరిశోధకురాలు అన్నా షెపర్డ్‌కు అందులో ట్రాకైట్ అనే అగ్నిశిల నలుసులు కనిపించాయి. ఆ రాయి లోయలో దొరకదు, పడమటన దాదాపు 75 కిలోమీటర్ల దూరంలోని చుస్కా కొండలది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి లేదు. వంట చేసుకునే కుండను మనుషులే అంత దూరం మోసుకొచ్చారు! రాకపోకలు, ఇచ్చిపుచ్చుకోడాలు లేకుండా ఇది జరిగే పనేనా?

13వ శతాబ్దం చివర కరువు ముంచుకొచ్చి, ఉత్తరాన కయెంటా ప్రాంతపు కుటుంబాలు దక్షిణ అరిజోనాకు తరలిపోయాయి. కొత్త ఊళ్ళో కూడా కుండను పేర్చి తిప్పుకోవడానికి అంచు వెంట చిల్లులున్న తమ మట్టి పళ్ళేలనే వాడుకున్నారు. మనిషి తావు మారుతాడు గాని తల్లి దగ్గర నేర్చిన చేతివాటం మారదు. ఎరుపు, నలుపు, తెలుపు కలిసిన సలాడో కుండలు ఆ వలసల వెంబడే పుట్టి, వేర్వేరు జనాల ఇళ్ళలోకి పాకాయి. 1200–1450 మధ్య నాటి 8 లక్షలకు పైగా రంగు పెంకులను పోల్చి, ఏ ఊరికి ఏ ఊరితో పొత్తు ఉండేదో పురావస్తు శాస్త్రవేత్త బార్బరా మిల్స్ బృందం 2013లో గీసి చూపింది.

శతాబ్దాలు గడిచాక, పాత చేతివాటానికి మళ్ళీ ప్రాణం పోసిన మహాతల్లి నంపేయో. ప్యూబ్లో జనాల్లో ఒకరైన హోపీల నేల మీద హానో ఊరి ఆడపడుచు. శిథిలమైన సిక్యాట్కీ ఊరి పెంకులు చూసి, ఆ పాత గీతలను తన కుండల భుజాల మీద రెక్కల్లా విప్పింది. చూపు మందగించాక కూడా తడిమి తడిమి కుండలు చేసింది. కూతుళ్ళు రంగులద్దారు. శాన్ ఇల్‌డెఫాన్సో ప్యూబ్లో ఊళ్ళో మరియా మార్టినెజ్ గులకరాయితో రుద్ది నునుపు తేల్చిన కుండ మీద భర్త జూలియన్ బొమ్మలు గీసేవాడు. మంట మీద గుర్రపు పేడ పొడి కప్పేసి, పొగతో నల్లని మెరుపు రప్పించేవారు. గొప్ప పనే, కాదనను. నా మొగ్గు మాత్రం నంపేయో వైపే.

ఇప్పుడు ఆ ప్రాంతపు దారుల్లోని దుకాణాల నిండా అచ్చులో పోసిన డొల్లలు! మట్టి నీళ్ళు అచ్చులో పోసి, ఆరాక తీసి, కరెంటు బట్టీలో కాల్చి, పైన నాలుగు గీతలు గీకి అమ్మేస్తున్నారు. వాటిలో వేలి నొక్కు ఉండదు, ఏ కొండ రాయీ ఉండదు. ఇలాంటి సరుకును ఆదివాసుల పని పేరిట అమ్మడం నేరమని 1990లో చట్టం తెచ్చారు. అయినా మోసం ఆగలేదు. అమ్మేవాడి కంటే తెలిసి తెలిసి చవక బేరానికి ఎగబడేవాడి మీదే నాకు ఎక్కువ కోపం. నెలల తరబడి మట్టి తవ్వి, జల్లించి, నానబెట్టిన మనిషి నోటి దగ్గర ముద్ద లాక్కోవడమే అది.

గ్రాండ్ కాన్యన్ చూడబోయే మన తెలుగు కుటుంబాలు కోకొల్లలు. అయ్యా, అమ్మా, దారిలో కుండ కొంటే చేసిన చేతుల నుంచే కొనండి. శాంటా ఫేలో పాత గవర్నర్ల భవనం వసారాలో వాళ్ళే కూర్చుని అమ్ముతారు. మట్టి ఎక్కడిదో, ఎవరి దగ్గర నేర్చారో అడగండి. లోపల చేయి పెట్టి తడిమి చూడండి. ధర ఎక్కువనిపిస్తే చిన్న గిన్నె తీసుకోండి, అచ్చు బొమ్మ మాత్రం తేకండి.