కంప్యూటరు బొమ్మల కథలలో వెలుగూ, అక్షరమూ

బొమ్మల కథ తెలుగువారికి కొత్తది కాదు. బుజ్జాయిగారి 'డుంబు' వారపత్రికలో వచ్చిన నాటినుండి పిల్లలూ, వారి చాటున పెద్దలూ చదువుచునే యున్నారు. ఇప్పుడు కొందరు చిత్రకారులు కుంచెను వదలి, మనుష్యులను, ఇండ్లను కంప్యూటరులో మూడు కొలతల నమూనాలుగా నిలిపి, వాటిపై వెలుగు ప్రసరింపజేసి, ఆ దృశ్యమును బొమ్మగా మార్చి ఇంటర్నెట్టులో పంచుకొనుచున్నారు. ఇట్లు మార్చుటనే రెండరింగు అందురు. దీనికి కావలసిన బ్లెండరు అను సాధనము 2002 నుండి ఉచితముగా, మూలసంకేతముతో సహా దొరకుచున్నది. సాధనము కొనలేదను సాకు లేదు. అయినను ఈ కథలలో పెక్కు కంటికి మిరుమిట్లు గొల్పి, రెండవ పుటకే విసుగు పుట్టించుచున్నవి.

లోపము గణితములో లేదు. 1980లో టర్నర్ విటెడ్ కాంతికిరణముల దారిని వెనుకకు వెదకుచు పోయి, గాజుగోళమును, దానిలోని ప్రతిబింబములను చూపగలిగెను. ఆనాటి యంత్రముపై అట్టి బొమ్మ ఒక్కదానికి 74 నిమిషములు పట్టినది. 1986లో జేమ్స్ కజియా ఈ లెక్కలన్నిటిని ఒకే సమీకరణములోనికి తెచ్చెను. నేటి పద్ధతులకు అదియే పునాది.

ఇక అనకాపల్లి బెల్లపు దిమ్మను తీసికొందము. వెలుగు పైతలముననే పరావర్తనము చెందునని లెక్కించినచో దిమ్మ రంగు పూసిన ఇటుకవలె కనబడును. నిజమునకు కొంత వెలుగు లోపలికి చొచ్చి, పరిక్షేపణము చెంది, వేరొక చోట బయటికి వచ్చును. అంచున కనబడు ఆ తేనెరంగు కాంతి దానివల్లనే. దీనిని సులువుగా లెక్కించు విధానమును హెన్రిక్ యెన్సెన్, అతని సహచరులు 2001లో ప్రకటించిరి. పాలు, చలువరాయి, మనుష్యుని చర్మము కూడ ఈ జాతివే. కనుక బెల్లమును సరిగా చూపగలవాడు ముఖమును చూపుటకు సగము దారి నడచినట్లే.

కాని ఎందరు అంత దూరము వచ్చుచున్నారు? సిద్ధముగా దొరకు నమూనాలలో చలిమంట గూడున్న విదేశీ గదులు కావలసినన్ని. చెరకు గానుగ, పాకము కాగు పెనము, పిప్పి ఎగదోయు పొయ్యి తామే తయారు చేసికొనవలెను. ఆ శ్రమ తప్పించుకొన్నచోట అవ్వ చీర కొంగు రేకుముక్కవలె నిలబడును. ముఖములది మరింత ఇబ్బంది. మనిషికి చాల దగ్గరగా వచ్చి, కొంచెములో తప్పిన బొమ్మ మనలను జంకించునని జపాను శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే చెప్పెను. గీతతో గీయువాడు ఏమి వదలవలెనో ఎరుగును. రెండరింగు దేనిని వదలదు. గోడమీది పగులుకు, ఏడ్చుచున్న పిల్లకు సమాన శ్రద్ధ చూపును.

అన్నిటికంటె అన్యాయమైపోయినది అక్షరము. గాజుగ్లాసుపై మెరుపుకై రాత్రంతా యంత్రమును నడుపువారు మాటల బుడగకు ఐదు నిమిషములైన ఇయ్యరు. 'స్త్రీ' అను ఒక్క అక్షరము యూనికోడులో ఆరు సంకేతముల వరుస. వాటిని కలిపి కూర్చు ఏర్పాటు లేని చిత్రసాధనములో ఒత్తులు విడిపోయి మూడు ముక్కలగును. ఆపైన జేపెగ్ పద్ధతి ఒకటి. 1974లో నాసిర్ అహ్మద్, నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు వివరించిన కొసైను రూపాంతరమే దానికి ఆధారము. బొమ్మను 8×8 బిందువుల గళ్ళుగా విడదీసి, కన్ను అంతగా పట్టించుకొనని సూక్ష్మభేదములను అది విడిచిపెట్టును. ఆకాశమునకు, చెట్లకు ఇది చక్కగా సరిపోవును. నల్లని అక్షరపు పదునైన అంచు మాత్రము చుట్టును మరకలు పట్టును. 'ప'కు 'ఫ'కు భేదము క్రింది చిన్న గీటే గదా! ఫోనునుండి ఫోనుకు పోవుచు బొమ్మ మరల మరల కుదింపబడినపుడు మొదట పోవునది ఆ గీటే. చదువు నేర్చుకొనుచున్న పిల్లవానికి మిగులునది ఊహ.

మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి యూనికోడు అక్షరరూపములు ఉచితముగనే ఉన్నవి. వాటితో మాటలను బొమ్మలో కలిపివేయక, పైన వేరు పొరగా ఉంచవచ్చును. అపుడు పెద్దవి చేసి చదువవచ్చును, వెదకినచో దొరకును, చూపులేనివారికి యంత్రము చదివి వినిపించును. నేడు పెక్కు కథలలో అవ్వ మనుమనికి ఏమి చెప్పినను ఆ యంత్రము 'చిత్రము' అని మాత్రమే పలుకుచున్నది.