గోడమీది భూగోళము: ఒక ఛాయాచిత్రము, దాని ప్రతులు

అపోలో-17 వ్యోమనౌకనుండి 1972 డిసెంబరు 7వ తేదీన తీసిన భూగోళపు ఛాయాచిత్రము లోకమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. ‘నీలి గోలీ’ అను అర్థమిచ్చు ఆంగ్లనామముతో అది నేడు కాగితముపైనను, కాన్వాసు గుడ్డపైనను, లోహపు రేకుపైనను ముద్రింపబడి గోడలకు అలంకారముగా అమ్ముడగుచున్నది. అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా తన ఛాయాచిత్రములపై సాధారణముగా ముద్రణహక్కులు ఉంచుకొనదు. కనుక ఎవరైనను దీనిని అచ్చువేసి అమ్మవచ్చును. ఇందువలన పటము సామాన్యుల యిండ్లకు చేరినది, అది మేలే. అయితే అలంకారముకొరకు చేయు మార్పులలో ఏవి నిరపాయకరములు, ఏవి పటములోని సత్యమును చెరుపునవి అనునది విచారింపదగిన విషయము.

ముందుగా మూలచిత్రమును గూర్చి తెలిసికొనవలెను. యూజీన్ సెర్నన్, రోనాల్డ్ ఎవన్స్, హారిసన్ ష్మిట్ అను మువ్వురు ఆ నౌకలో చంద్రునివైపు పయనించుచుండిరి. బయలుదేరిన సుమారు ఐదు గంటలకు, భూమికి దాదాపు 29,000 కిలోమీటర్ల దూరమున ఈ చిత్రము తీయబడినది. మువ్వురిలో మీట నొక్కినది ఎవరో నిశ్చయముగా తేలలేదు. నాసా ఆ ఖ్యాతిని మువ్వురికిని కలిపి యిచ్చినది. అప్పుడు సూర్యుడు నౌకకు వెనుకవైపున ఉండెను. అందుచేతనే భూమి పున్నమి చంద్రునివలె నిండుగా వెలుగుచు కనబడినది. కెమెరా స్వీడన్ దేశపు హాసెల్‌బ్లాడ్. కటకము 80 మిల్లీమీటర్లది. ఫిల్ము వెడల్పు 70 మిల్లీమీటర్లు.

ఉత్తరము పైకి వచ్చునట్లు పటమును పట్టి చూచినచో, పైభాగమున సహారా, అరేబియా ఎడారులు మబ్బులు లేక గోధుమవన్నెతో స్పష్టముగా నున్నవి. నడుమ ఆఫ్రికా దక్షిణభాగమును, దాని ప్రక్కన మడగాస్కరు ద్వీపమును కలవు. క్రింద అంటార్కిటికా మంచుఖండము తెల్లగా మెరయుచున్నది. డిసెంబరు మాసమున దక్షిణార్ధగోళమునకు వేసవి. అందుచే ఆ మంచుపై ఎండ పడుచున్నది. అపోలో యాత్రలలో దక్షిణధ్రువపు మంచుప్రాంతమును చిత్రించుటకు నౌక మార్గము అనుకూలించినది ఇదియే మొదటిసారి.

పటమునకు కుడివైపున, పైయంచునకు చేరువగా, ఒక మేఘసమూహము కలదు. చూచువారు సాధారణముగా దానిని గమనింపరు. అది ఆ వారముననే తమిళనాడును తాకిన తుపాను. డిసెంబరు 5, 6 తేదీల నడుమ కడలూరు ప్రాంతమున అది తీరము దాటి వరదలను, పెనుగాలులను తెచ్చినది. వ్యోమగాములకు వేల కిలోమీటర్ల దూరమున తెల్లని మరకవలె కనబడిన దానిక్రింద, ఇండ్లు తడిసినవారు, పంటలు మునిగినవారు ఉండిరి. బంగాళాఖాతపు తుపానుల నెరిగిన తెలుగు పాఠకునకు ఆ మరక అలంకారము కాజాలదు. ఈ చిత్రము భూమికి ప్రతిమ మాత్రమే కాదు, ఒక దినపు వాతావరణమునకు సాక్ష్యము కూడ. ప్రతులను తూచుటకు ఇదియే తగిన తూనికరాయి.

ఈ తూనికతో చూచినచో, పటమును త్రిప్పుట దోషము కాదు. మూలపు ఫిల్ములో దక్షిణధ్రువమే పైన ఉన్నది. ప్రచురించునపుడు, దేశపటములకు అలవాటుపడిన కన్నులకొరకు దానిని తలక్రిందులు చేసిరి. అంతరిక్షమున పైన, క్రింద అనునవి లేవు గనుక రెండును సత్యములే. దక్షిణము పైకి ఉన్న ప్రతిని గోడకు తగిలించినచో పిల్లలకు ఈ సంగతి మాటలతో పనిలేకయే బోధపడును. అట్టి ప్రతులు అరుదుగా నుండుట విచారకరము.

పెద్దది చేయుట విషయము వేరు. పై దూరమును, కటకపు కొలతను బట్టి లెక్కించినచో, ఫిల్ముపై భూగోళపు అడ్డుకొలత సుమారు 3 సెంటీమీటర్లు మాత్రమే. దానిని మీటరు వెడల్పునకు పెంచుటయనగా ముప్పది రెట్లకు పైగా సాగదీయుట. అప్పుడు ఫిల్ములోని రవ్వ గరుకుగా కనబడును. కొందరు ఆ గరుకును యంత్రసహాయమున నునుపు చేయుదురు. దానితోకూడ మేఘముల సన్నని అంచులును, తుపాను పాయలును మాసిపోవును. అట్లే నీలివర్ణమును అతిగా పెంచినచో, సముద్రముపై గాలిపొర వలన కలుగు పలుచని పాలవన్నె అదృశ్యమగును. గాలి కనబడకుండ చేసిన పిదప మిగులునది నిజముగా గోలీయే గాని, జీవులు ఊపిరి తీయు లోకము కాదు. నాణెముగల ప్రతి కొంచెము గరుకుగా, కొంచెము వెలవెలగా ఉండుటయే న్యాయము.

అన్నిటికంటె పెద్ద పొరపాటు పేరునకు సంబంధించినది. ఈ పేరుతోనే నాసా 2002లో వేరొక చిత్రమును వెలువరించినది. అది ఒక క్షణమున తీసినది కాదు. ఉపగ్రహములు పెక్కు దినములలో సేకరించిన వివరములను అతికి కూర్చినది. నేలను, సముద్రమును, మేఘములను వేరువేరుగా తయారుచేసి కలిపిరి. ఆ విషయమును నాసా దాచలేదు. భూమి ఉపరితలమును తెలిసికొనుటకు ఆ కూర్పు ఎంతయో ఉపయోగకరము. కాని రెండును ఒకే పేరుతో గోడలకెక్కినపుడు కొనువాడు మోసపోవుటకు వీలు కలదు. అతికిన చిత్రములోని ఆకాశమును ఏ మానవుడును, ఏ దినమునను చూచి యుండలేదు. 1972 నాటి ఆకాశమును మువ్వురు కన్నులార చూచిరి.

‘సంపూర్ణ భూమి’ అను వ్రాతకూడ సరియైనది కాదు. అంత దూరమునుండి చూచినచో భూతలములో నూటికి సుమారు 41 వంతులే కనబడును. సగము కూడ కాదు. జపానుగాని, ఉత్తర అమెరికా ఖండముగాని ఈ పటములో లేవు.

కనుక పటము కొనువారు మూడు విషయములు పరీక్షింపవలెను. క్రింద తేదీ వ్రాయబడినదా? మేఘముల అంచులు చెదరక నిలిచినవా? ఉత్తరము పైకి ఉన్నప్పుడు కుడివైపు పైయంచున ఆ తుపాను జాడ మిగిలియున్నదా? ఈ మూడును గల ప్రతి చవుకదైనను విలువగలది. ఇవి లేనిది బంగారు చట్రములో బిగించినను రంగుకాగితమే. నాసా ఈ చిత్రమునకు ఇచ్చిన సంఖ్య ఏఎస్17-148-22727. ఆ సంఖ్యను, తేదీని పటముక్రింద రెండు పంక్తులలో అచ్చువేయుటకు అమ్మువారికి పెద్ద వ్యయము కాదు. ఆ రెండు పంక్తులున్నచో, ఇంటిలోని పిల్లవాడు “ఆ దినమున అక్కడ ఏమి జరిగినది?” అని అడుగుటకు వీలగును. శాస్త్రజ్ఞానమునకు ఆ ప్రశ్నయే మొదటి మెట్టు.