సీసము లేని సమతూకము

ఖైరతాబాదులో 1954వ సంవత్సరమున ఒక్క అడుగు ఎత్తుతో ఆరంభమైన గణపతి విగ్రహము, ఏటేట అడుగు చొప్పున పెరిగి 2014 నాటికి 60 అడుగుల మహామూర్తియైన వృత్తాంతము ఈ పేటలో పసివారికిని తెలియును. ఎత్తు రెట్టింపైనచో ఉపరితలము నాలుగింతలును ఘనపరిమాణము ఎనిమిదింతలును అగునన్న గణితధర్మమును మన శిల్పులు లోపలి చట్రమును బలపరచి, భారమంతయు నేలపై మోపి, సాధించుచున్నారు. రేడియోతో నడుపు పెద్ద నమూనా విమానమును కట్టువానికిని ఈ ధర్మమే ఎదురగును గాని, అతనికి మోపుటకు నేల లేదు. రెక్కల కొననుండి కొనకు మీటరున్నర గల విమానమును అదే పోలికతో, అదే పదార్థముతో మూడు మీటర్లకు పెంచితిమేని రెక్కల వైశాల్యము నాలుగు రెట్లు కాగా బరువు ఎనిమిది రెట్లగును. ప్రతి చదరపు అంగుళమును పూర్వముకంటె రెండింతల భారమును వహింపవలయును. గాలిలో నిలుచుటకు వలయు కనిష్ఠవేగము 1.4 రెట్లకు పెరుగును. అయినను చిన్న విమానమును అల్లల్లాడించు గాలితెర పెద్దదానిని కదలింపజాలదు. అది నిజమైన విమానమును స్ఫురింపజేయుచు, తొందరలేని గాంభీర్యముతో మలుపు తిరుగును. ఆ మలుపుకొరకే ఇంత శ్రమయు.

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డులు కిటికీలను కప్పివేసిన ఒక వీధిలో, మేడమీది గదిలో నేను ఈ పని చేయుదును. గది పొడవే విమానపు పొడవును శాసించును గనుక రెక్కను రెండు ముక్కలుగా కట్టి, నడుమ అల్యూమినియం గొట్టముతో అతుకునట్లు అమర్చుట తప్పనిసరి. ప్రధానమైన చెక్క ఈక్వెడార్ దేశమునుండి వచ్చు బాల్సా. టేకు ఘనమీటరునకు సుమారు 650 కిలోలు తూగగా ఇది సుమారు 160 కిలోలే తూగును. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడు మన పొణికి చెక్కను చేతబట్టినవారికి ఇట్టి తేలికదనము కొంత పరిచితమే. అయితే బాల్సాలో ఒకే కొలత గల రెండు పలకలను తూచి చూచినప్పుడు ఒకటి రెండవదానికి రెట్టింపు బరువుండుటయు కద్దు. అందుచేత పలకలన్నిటిని చిన్న త్రాసుపై తూచి, పెన్సిలుతో బరువు వ్రాసి, బరువైనవానిని ముక్కునకును రెక్క నడిమి దూలమునకును, మిక్కిలి తేలికైనవానిని తోకకును కేటాయింతును. కట్టడము ముగిసిన పిదప సమతూకమును సవరించుకొనవచ్చునని తలచువారితో నేను ఏకీభవింపజాలను. మొదటి పలకను ఎన్నుకొనునాడే అది సగము నిర్ణయమైపోవును.

ఏలయన, గురుత్వకేంద్రమును, అనగా నమూనాలు కట్టువారు ‘సీజీ’ అని పిలుచుకొనుదానిని, రెక్క ముందంచునుండి వెడల్పులో నాలుగవ వంతునకును మూడవ వంతునకును నడుమ ఉంచుట సాధారణ నియమము. రెక్క వెడల్పు 40 సెంటీమీటర్లైనచో ఆ స్థానము 10 మొదలు 13 సెంటీమీటర్ల మధ్య వచ్చును. అంతకంటె ముందుకు జరిగిన విమానము మొద్దువలె నడచి, దిగునపుడు ముక్కెత్తుటకు మొరాయించును; వెనుకకు జరిగినది ముక్కును ఎత్తి దించు తోకపలకయగు ఎలివేటరు కొంచెము కదలినంతనే పట్టుతప్పి, నేర్పరి చేతికిని లొంగదు. ఇప్పుడు ఆ బిందువునకు ఇంజను 30 సెంటీమీటర్ల దూరమునను, తోక 120 సెంటీమీటర్ల దూరమునను ఉన్నవనుకొందము. తోకలో 100 గ్రాములు అధికమైనచో ముక్కున 400 గ్రాముల సీసము వేసినగాని తూగు కుదురదు. రెండును కలిసిన ఆ అరకిలోను మోయుటకు చక్రముల కాళ్లు బలపడవలె, కాళ్ల బరువును మోయుటకు రెక్క గట్టిపడవలె, ఇట్లు ఒక బరువు మరియొక బరువును పిలుచుచుపోవును. తోకవద్ద గరుకు కాగితముతో రుద్దితీసిన ప్రతి గ్రామును ముక్కున నాలుగు గ్రాములను మిగుల్చునని గ్రహించిన పిమ్మట ఆ రుద్దుట నాకు విసుగు కలిగింపదయ్యెను.

పైఅంతస్తు హాస్టలులో ఉండి కోచింగునకు పోవు యువకుడొకడు సాయంకాలములందు వచ్చి చేయందించుచుండును. ఒకనాడు అతడు, “సార్, ముక్కులో కాస్త సీసం పెడితే సరిపోదా? దీనికోసం తోకంతా విప్పాలా?” అని అడిగెను. “సరిపోతుంది బాబూ. కానీ ఆ సీసాన్ని ఎప్పటికీ మోస్తూనే ఉండాలి” అంటిని. తోకలోని సర్వోలను, అనగా పలకలను కదపు చిన్న మోటారులను, రెక్క క్రిందికి తెచ్చి, పొడవైన కార్బన్ కడ్డీలతో ఎలివేటరును నడుపునట్లు మార్చితిమి. బ్యాటరీని ఇంజను వెనుక గోడవరకు జరిపితిమి. పిదప ఫ్యానాపి, విమానమును పైకప్పు కొక్కెమునకు త్రాటితో వేలాడదీసి రసమట్టము పెట్టగా, సీసము కొంచెమైనను అక్కరలేకయే తూగు కుదిరెను. ఇంధనపు తొట్టి గురుత్వకేంద్రమునకు ముందుండు విమానమును ఖాళీ తొట్టితోనే తూచవలయునని అతనికి ప్రత్యేకముగా చెప్పితిని; ఇంధనము ఖర్చగుకొలది భారము వెనుకకు జరుగును గనుక బయలుదేరునప్పుడు కనిపింపని దోషము దిగునప్పుడు బయటపడును.

ఈ సంగతి తలపునకు వచ్చినపుడెల్ల మేనార్డ్ హిల్ అను అమెరికా వృద్ధుడు జ్ఞప్తికి వచ్చును. చూపు చాలవరకు పోయిన 77 ఏండ్ల వయస్సున, 2003 ఆగస్టులో, ఆయన బృందము బాల్సాతో కట్టిన విమానము కెనడా తీరమునుండి ఐర్లండునకు సుమారు 3,030 కిలోమీటర్లు 38 గంటల 52 నిమిషములలో ప్రయాణించెను. అది అయిదు కిలోలకు లోబడిన విమానము. బయలుదేరునప్పటి బరువులో ఇంచుమించు సగము ఇంధనమే. అంత ఇంధనము క్రమముగా ఆవిరైపోవుచున్నను తూగు తప్పకుండుటలో గల విద్యను కట్టువాడే సంపూర్ణముగా గౌరవింపగలడు.

మాకు ఎగురవేయు చోటు ఇంటిచెంత లేదు. 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ విమానములు తిరిగిన బేగంపేట, 2008 మార్చిలో ప్రయాణికుల రాకపోకలు శంషాబాదునకు తరలినను, నేటికిని పనిచేయుచున్న విమానాశ్రయమే. 2021 నాటి డ్రోన్ నిబంధనలు వినోదమునకును విద్యకును ఉపయోగించు 25 కిలోలలోపు నమూనాలను కంటికి కనిపించునంత మేర నడుపనిచ్చినను, విమానాశ్రయ ప్రాకారమునకు 8 కిలోమీటర్లలోపు అనుమతి లేనిదే ఎగురవేయరాదు. అమీర్‌పేట, పంజగుట్ట, ఖైరతాబాదు మూడును ఆ పరిధిలోనివే. ఈ కట్టడి న్యాయమైనది. మనుషులెక్కిన విమానము దిగు దారిలో మన ముచ్చటకు తావుండరాదు. కాని ఎన్.సి.సి. వాయువిభాగమున విమాన నమూనాలు కట్టుట నేర్చిన పిల్లలు ఉన్న ఈ నగరమునకు, ఊరి వెలుపల ఒక చదునైన మైదానమును దీనికై విడిచిపెట్టుట ప్రభుత్వమునకు పెద్ద భారము కాదని నా దృఢవిశ్వాసము.

అందుచేత తెల్లవారకమునుపే కారులో రెక్కలు సర్దుకొని నగరము దాటిపోవుదుము. ట్రాన్స్‌మిటరు శక్తిని తగ్గించి దూరముగా నడచి సంకేతమందుచున్నదో లేదో చూచుట, ఒక్కొక్క మీటను కదిపి రెక్కల పలకలు సరియైన దిక్కుకే తిరుగుచున్నవని నిర్ధారించుకొనుట మొదటి పనులు. గది లోపల కుదిరిన తూగునకు అసలు పరీక్ష పైన జరుగును. విమానమును తగినంత ఎత్తున సమముగా సాగనిచ్చి, కొంచెము క్రిందికి వాల్చి, ఎలివేటరు మీటను విడిచిపెట్టుదుము: వెంటనే ముక్కెత్తినచో భారము ముందుకున్నది, మరింత నిలువుగా దూకినచో వెనుకకున్నది, మెల్లమెల్లగా తనంతట తేరుకొన్నచో చాలును. మొన్నటి విమానము కొంచెము త్వరపడి ముక్కెత్తెను. దింపి, మూత తీసి, బ్యాటరీని వ్రేలెడు వెనుకకు జరిపి, పట్టీ బిగించి, మరల ఎగురవేసితిమి.