చెలామణి తప్పిన నాణెం, మెడలోని మాల

రాయపూరు నగరానికి ఉత్తరాన, బలోదా బజారు దారిలో ఉన్న మోవా ఒకప్పుడు పల్లె. నేడు నగరంలో కలిసిపోయిన పేట. ఛత్తీస్‌గఢ్ పల్లెల నుండి ఇటువంటి పేటలకు తరలివచ్చిన కుటుంబాలలో పాత తరం స్త్రీలకు చిరపరిచితమైన ఆభరణం రుపియా మాల. పాత వెండి రూపాయలకు కొక్కేలు అతికి, దారంపై వరుసగా గుచ్చిన హారమిది. సూతా, ఐంఠీ, నాగమోరీ, కర్‌ధన్ మొదలైన నగలతో పాటు దీనిని కూడా ఒకే అద్దాల పెట్టెలో అమర్చి, 'గ్రామీణాభరణాలు' అనే చీటీ తగిలించడం ప్రదర్శనశాలలలో పరిపాటి. ఆ చీటీ ఒక ముఖ్యమైన భేదాన్ని మరుగుపరుస్తున్నది. సూతాను కంసాలి లోహం కరిగించి కొత్తగా రూపొందిస్తాడు. రుపియా మాలలో లోహానికి రూపమిచ్చినది టంకశాల. దొరికిన వస్తువును దొరికినట్లే ఉంచి ఆభరణం చేయడం వేరొక విద్య. దానిని వేరుగానే విమర్శించాలి.

ఈ విద్యలో కనబడేది స్వల్పం. 1835 నుండి 1939 వరకు ఆంగ్ల ప్రభుత్వం అచ్చువేసిన రూపాయి బరువు ఒక తులం, అనగా 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. 1940లో వెండి సగానికి తగ్గింది. 1947 నాటి రూపాయిలో వెండి స్థానాన్ని నికెలు ఆక్రమించింది. రాణి బొమ్మ రూపాయికీ, చివరి జార్జి రాజు రూపాయికీ గల తేడా గ్రామ స్త్రీకి ఏ శాసనం చదవకుండానే తెలుసు. మంచి పనివాడు నాణేనికి బెజ్జం వేయడు. వేస్తే తూకం తగ్గుతుంది. అంచున చిన్న కొక్కెం నిలిపి, ముఖంపైకి టంకం పారకుండా అతుకుతాడు. కష్టకాలంలో ఒక్క నాణేన్ని విడదీసి అమ్ముకొన్నా మిగిలిన మాల మాలగానే ఉండాలి. అదే అతుకు వలన నాణేల సేకర్తల దృష్టిలో ఆ రూపాయి చెడిపోయినది! ఒకే వెండిచుక్క ఒకరికి మచ్చ, మరొకరికి పనితనం.

పేరుకు ఇది పల్లెనగ అయినా దీని వంశవృక్షం చాలా పాతది. దక్షిణ భారతదేశంలో దొరికిన రోమను నాణేలలో కొన్నింటికి ధరించేందుకు వేసిన రంధ్రాలు ఉన్నాయి. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940వ దశకంలో జరిగిన తవ్వకాలలో రోమను నాణేలను అనుకరించిన మట్టిబిళ్లలు బయల్పడ్డాయి. బంగారు నాణెం అందనివారు దాని మట్టినీడను ధరించారని ఊహించడం అసంగతం కాదు. తెలుగు ఇళ్లలోని కాసులపేరు ఈ పరంపరలోనిదే. కాకపోతే రాజముద్ర పోయి లక్ష్మీదేవి వచ్చింది. తెలంగాణ తండాలలో లంబాడీ స్త్రీలు రవికెలకూ తలనగలకూ గవ్వలను, పాత నాణేలను కుట్టుకొన్నారు. గవ్వ కూడా ఒకనాటి డబ్బేనన్న సంగతి మరువరాదు. ఒడిశాలో గవ్వల చెలామణిని రద్దు చేయడం 1817 నాటి పైకుల తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లో దీపావళి తరువాత నృత్యం చేసే రౌత్ గోపాలకుల దుస్తులపై ఆ గవ్వలు నేటికీ మెరుస్తున్నాయి. సంతలో విలువ పోయిన ద్రవ్యానికి శరీరంపై విలువ దక్కడం ఈ ప్రాంతమంతటా కనిపించే రీతి.

ఇటీవలి వ్యాపారాన్ని ఈ వెలుగులో చూడాలి. పాత గుండీలు, ఆగిపోయిన గడియారాల చక్రాలు, తాళంచెవులు, తెగిన హారాల పూసలు కూర్చి నగలు చేసి సంతలలో అమ్మే యువతీయువకులను కొందరు సంప్రదాయవాదులు చిన్నచూపు చూస్తున్నారు. అది న్యాయం కాదు. వారు చేస్తున్నది రుపియా మాల చేసినవారు చేసినదే. ఆక్షేపించదగినది మరొకటి ఉన్నది. నిండు మాలను కొని, విడగొట్టి, రెండేసి నాణేలను చెవిజూకాలుగా మార్చి 'పురాతనం' అన్న పేరుతో పలురెట్ల ధరకు అమ్మడం మొదటిది. తెల్లలోహంలో రాణి ముఖాన్ని పోతపోసి, నలుపెక్కించి, పాత వెండిగా నమ్మించడం రెండవది. అనుకరణ స్వతహాగా దోషం కాదు. కొండాపూర్ మట్టిబిళ్ల తాను మట్టినని దాచుకోలేదు. దాపరికమే దోషం.

1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని నాణెం పురావస్తువు. విక్టోరియా 1901లో మరణించినందున, ఆమె పేరిట అచ్చైన ప్రతి రూపాయి నేడు ఆ వయస్సు దాటినది. ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు పంపరాదు. నాణెం వయస్సు దానిపైనే చెక్కి ఉన్నది. మాల వయస్సు ఎక్కడా నమోదు కాలేదు. 1880 నాటి రూపాయికి 1950లో కొక్కెం అతికి ఉండవచ్చు. ఆ రెండు తేదీల నడుమ ఒక కుటుంబపు పంటలు, పెళ్లిళ్లు, అప్పులు ఉన్నాయి. ప్రదర్శనశాల చీటీలో లోహం పేరుతో పాటు నాణేల సంవత్సరాలు, మాల సేకరించిన ఊరు, దానిని ధరించినవారి నోటి మాట చేర్చడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. అతికిన కంసాలినీ, గుచ్చిన పట్వానూ ప్రస్తావించవలసిన అవసరం మరింత ఉన్నది. నాణేల నడుమ ఎడం ఎంత ఉండాలి, మెడ కదిలినప్పుడు అవి ఎట్లా మోగాలి అన్నది పట్వా వేసే ముడిపైనే ఆధారపడుతుంది.

అమ్మకానికి వచ్చిన మాలకు దుకాణంలో వెండికే వెలకడతారు. తరుగు తీస్తారు, పాత మజూరి లెక్కకు రాదు. తూకానికి ముందు దారం తెంపి, పూసలు తీసి పక్కన పెడతారు.