ఎన్ని ప్యాడ్లు, ఎన్ని రోజులు?

మా మాక్లూర్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా అరుగుల మీద చాటలు ముందేసుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కట్టలు కట్టి కార్ఖానాకు పట్టుకపోతారు. ఈ రోజు ఎన్ని చుట్టారో, అందులో ఎన్ని తీసి పక్కన పడేశారో, నెలాఖరుకు ఎంత చేతికొస్తుందో కాగితం చూడకుండా చెప్తారు. ఇంత లెక్క తెలిసిన ఇళ్లలో కూడా, పిల్లకు డేట్ వచ్చినప్పుడు ఎంత పోతోందని అడిగితే "మస్తుగ పోతది మేడం" అన్న ఒక్క మాటే వస్తుంది. డాక్టర్ గదిలో ఆ మాట ఒక్కదానితో ఏ పనీ జరగదు.

ఈ వారం ఆ లెక్క గురించే రాస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నీ సంగతి రాయనా అని అడిగితే, "రాయి మమ్మీ, నా ఫ్రెండ్స్‌కు పనికొస్తది. పేరు మాత్రం వద్దు" అంది.

పెద్దమనిషి అయినప్పుడు అందరిళ్లలో లాగే ఫంక్షన్ చేశాం. కుడుకలు, నువ్వుల ముద్దలు, కొత్త బట్టలు, చుట్టాలు, ఫొటోలు. అంత సంబరం చేసిన ఊరు ఆ తర్వాత ఆ పిల్లను ఒక్క ప్రశ్న కూడా అడగదు. మా అమ్మాయికి రెండు నెలలు డేట్ రాకపోయేది. వచ్చిందా, వారం దాటినా ఆగకపోయేది. రాత్రి లేచి మార్చుకున్నా పక్కబట్టలు తడిసేవి. నిజామాబాద్ కాలేజీకి పోయే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, లేచినప్పుడు మరక కనిపిస్తుందేమోనని నిలబడే పోయేది. వాళ్ల నానమ్మ మంచి మనసుతోనే "పెండ్లయితే అదే సదురుకుంటది బిడ్డా" అనేది. మొదట చూపించిన చోట కూడా "ఈ వయసులో మామూలే" అని రెండు నిమిషాల్లో పంపేశారు.

ఈ వయసులో మామూలే అన్న మాటలో సగం నిజం ఉంది. మొదలైన కొత్తలో రెండేళ్ల పాటు నెలసరి 21 రోజులకు వచ్చినా, 45 రోజులకు వచ్చినా కంగారు పడక్కర్లేదు. మెదడుకూ అండాశయాలకూ మధ్య సంకేతాలు ఇంకా కుదురుకోవు కాబట్టి కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టెరాన్ తయారు కాదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ గర్భసంచి లోపలి పొరను మందం చేస్తూ పోతుంది. చివరికి ఆ పొర నిలవలేక ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, రక్తం ఒక పట్టాన ఆగదు. రెండు నెలలు రాకపోవడం, వచ్చినప్పుడు అంతగా పోవడం వేర్వేరు రోగాలనుకుంటాం గానీ చాలామంది పిల్లల్లో రెండింటికీ కారణం ఇదే. ఇక మిగతా సగం ఏమిటంటే, ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండినా, రూపాయి బిళ్లంత గడ్డలు పడినా, ఒక్కసారైనా మూడు నెలల పాటు రాకుండా పోయినా అది మామూలు లెక్కలోకి రాదు. ఏ వయసైనా సరే చూపించాల్సిందే.

ఇక మొదట చెప్పిన లెక్క సంగతికి వస్తాను. ఇంట్లో పాల లెక్క రాసే చిన్న పుస్తకం లాంటిదే ఒకటి తెచ్చి మా అమ్మాయికిచ్చాను. తేదీ, ప్యాడ్ మార్చిన టైము, ఎంత తడిసింది, గడ్డలు ఉన్నాయా, రాత్రి లేచిందా, కాలేజీ పోయిందా. తడిని మూడు రకాలుగా గుర్తు పెట్టుకుంటుంది: చుక్కలు, సగం, నిండు. ఇది నేను కనిపెట్టిన పద్ధతి అనుకోకండి. 1990లో ఇంగ్లండ్‌లో జెన్నీ హైయమ్ అనే డాక్టర్, ఆమెతో పనిచేసేవాళ్లు ప్యాడ్ బొమ్మలతో ఒక చార్టు తయారు చేశారు. కొద్దిగా తడిస్తే 1, సగానికి తడిస్తే 5, పూర్తిగా నిండితే 20. చిన్న గడ్డకు 1, పెద్ద గడ్డకు 5. ఒక నెలసరి మొత్తం కూడితే 100 దాటిందంటే రక్తం 80 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పోతోందని అంచనా. మనం వాడే ప్యాడ్లు ఆనాటివి కావు, కంపెనీకో రకం, కాబట్టి ఆ అంకెను పట్టుకుని తీర్పు చెప్పలేం. కానీ మొదటిరోజు చుక్కలు, రెండోరోజు నాలుగు నిండు, రాత్రి రెండు అని రాసి ఉన్న పేజీ డాక్టర్ బల్ల మీద పెడితే మాట మారుతుంది. మా విషయంలో మారింది. పేజీ చూసిన డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, ముందు పిల్లనే అడిగింది: బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా? ముక్కు నుంచి కారుతుందా? చిన్న దెబ్బకే ఒంటి మీద నల్లగా కములుతుందా? తర్వాత నా వైపు తిరిగి, మీ ఇంట్లో, మీ అక్కచెల్లెళ్లలో ఎవరికైనా కాన్పులో రక్తం ఆగకపోవడం జరిగిందా అని అడిగింది.

ఆ ప్రశ్నల వెనక ఒక పాప ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల్లో పుట్టిన హ్యోర్డిస్ అనే పాపను 1924లో ఐదేళ్లప్పుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ అనే డాక్టర్ చూశాడు. రక్తం గడ్డకట్టడంలో ఏదో తేడా ఉందని పట్టుకుని, ఆ కుటుంబం గురించి 1926లో రాశాడు. ఆ పిల్ల పదమూడేళ్ల వయసులో, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. ఆ జబ్బుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. నెలసరిలో విపరీతంగా పోయే పిల్లల్లో కొందరికి అసలు కారణం ఇలాంటి రక్తదోషమే. దాంట్లో తీవ్రమైన రకాలు కొన్ని అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కలిసొస్తేనే బయటపడతాయి. మేనరికాలు చేసుకునే మన దగ్గర ఆ ప్రశ్న అడగకుండా ఏ పిల్లనూ ఇంటికి పంపకూడదని నేను గట్టిగా నమ్ముతాను. థైరాయిడ్, పీసీఓఎస్ పరీక్షలు కూడా ఆ వరుసలోనే చేయిస్తారు.

మందుల గురించి మన ఊళ్లలో ఉన్న భయం ఒక రకం, ధైర్యం ఒక రకం. హార్మోన్ మాత్రలు రాస్తే "పెండ్లి కాని పిల్లకు గర్భం రాకుండ చేసే గోలీలా!" అని చీటీ మడిచి సంచీలో పెట్టేస్తాం. అవి కొన్నాళ్లు వాడి మానేసినంత మాత్రాన పిల్లలు పుట్టకుండా పోరు. మరోవైపు బతుకమ్మ తొమ్మిది రోజులకు, ఇంట్లో పెండ్లికి డేట్ రాకూడదని చీటీ లేకుండానే మెడికల్ షాపులో వాయిదా మాత్రలు తెచ్చి అదే పిల్లతో మింగిస్తాం. అవీ హార్మోన్ మాత్రలే. అసలే గతి తప్పిన పిల్లకు ఆ పని చేయొద్దని తల్లులను చేతులు పట్టుకుని అడుగుతున్నాను. హార్మోన్ లేని మందు కూడా ఉంది, ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌లో ఊతాకో ఒకామోతో, ఆమె భర్త షోసుకే కనిపెట్టి 1962లో ప్రకటించారు. కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లులను బతికించాలన్నది ఆమె తపన. డాక్టర్ రాస్తే, రక్తం ఎక్కువగా పోయే ఆ కొద్ది రోజులే వేసుకోవాలి.

పోయిన రక్తం సంగతి అక్కడితో తీరదు. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే అది రక్తహీనతే. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్ర రక్తం తగ్గకుండా కాపాడటానికి. ఇప్పటికే తగ్గిన పిల్లకు అది చాలదు, రోజూ వేసుకునే మాత్ర కావాలి. నిమ్మకాయ నీళ్లతోనో జామకాయతోనో వేసుకుంటే ఒంటికి పడుతుంది, అన్నం తినంగనే చాయ్ తాగితే పట్టదు. దొడ్డికి నల్లగా వస్తుందని భయపడి మానేసే పిల్లలున్నారు, ముందే చెప్పాలి. రిపోర్టులో అంకె బాగుపడ్డాక కూడా మూడు నెలలు వాడితేనే లోపలి నిల్వ నిండుతుంది. తోటకూర, గుడ్డు, కార్జం అన్నీ మంచివే, కానీ 8కి పడిపోయిన హిమోగ్లోబిన్‌ను కూరలతో లేపుదామని కూచోవద్దు. గంటకో ప్యాడ్ చొప్పున రెండు మూడు గంటలు వరసగా నిండినా, కళ్లు తిరిగి పడినా తెల్లారేదాకా ఆగకుండా జిల్లా ఆసుపత్రికి తీసుకపోవాలి.

ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నానంటే, మన దగ్గర ఈ కథ ఎక్కడ ముగుస్తోందో చూశాను కాబట్టి. బ్లీడింగ్ అయితుందని పోతే గర్భసంచి తీసేసుకోమన్నారని చెప్పే ఆడవాళ్లు ప్రతి వాడలో ఉన్నారు, నలభై కూడా నిండనివాళ్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. బోధన్ దాటి నాందేడ్ మీదుగా పోతే వచ్చే బీడ్ జిల్లాలో చెరకు కోతకు పోయే ఆడవాళ్లది ఇంకా ఘోరం. పనికి అడ్డం అవుతుందని చిన్న వయసులోనే తీయించుకున్న సంగతి 2019లో బయటపడి మహారాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. వీళ్లలో ఎంతమంది పదిహేనేళ్లప్పుడు కడుపు పట్టుకుని మూలకు కూచుని ఉంటారో! అప్పుడు ఎవరైనా ఒక పుస్తకం చేతికిచ్చి రాయమంటే, ఆ రాత చూసి ఒక డాక్టర్ సరైన ప్రశ్న అడిగి ఉంటే, కొందరికైనా ఆ కోత తప్పేది.

ఇప్పుడు పుస్తకం అమ్మాయి దగ్గరే ఉంటుంది, నేను అడిగితేనే చూపిస్తుంది. అది తన ఒళ్లు, తన లెక్క. వాళ్ల నాన్న మెడికల్ షాపుకు పోయేముందు "పెద్దవా, మామూలువా?" అని ఆమెనే అడిగి పోతాడు.

ఒకటి మాత్రం ఇంట్లో మా చేతిలో లేనిది. ఇంటర్ పరీక్ష మూడు గంటలు. ఎక్కువగా పోయే పిల్లకు మూడు గంటలు ఒక్క ప్యాడ్ ఆగదు. మార్చిలో పరీక్ష హాళ్లలో నిలబడే సార్లకు, మేడమ్‌లకు ఇప్పుడే చెప్తున్నాను. ఏ ఆడపిల్లైనా చెయ్యెత్తి బాత్రూమ్‌కు పోతానంటే ఎందుకని అడక్కండి, ఇంకో అరగంట ఆగమనకండి. తోడు ఒక మేడమ్‌ను ఇచ్చి వెంటనే పంపండి. ఆ బాత్రూమ్‌లో నీళ్లు, గొళ్లెం, వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న డబ్బా ఉన్నాయో లేదో పరీక్షలకు ముందే ఒకసారి పోయి చూడండి.