ఏ భాషలో అడిగారు?

మా మానసిక వైద్యంలో జబ్బును పట్టిచ్చేది ముఖ్యంగా మాటే. రోగి ఏం చెప్పాడు, ఎంత వేగంగా చెప్పాడు, ఎక్కడ ఆగాడు, ఒక మాటకూ తర్వాతి మాటకూ పొంతన ఉందా అని చూస్తాం. మరి ఆ రోగి తనకు అంతగా పట్టుబడని భాషలో మాట్లాడుతుంటే?

తండా నుంచి వచ్చిన లంబాడీ తల్లిని తెలుగులో అడిగితే ముక్తసరిగా జవాబిస్తుంది. మాటల మధ్య ఎడం, ముఖంలో కదలిక తక్కువ. డిప్రెషన్‌లోనూ ఇవే ఉంటాయి. ఆమె దిగులుతో కుంగిపోయిందా, తెలుగు మాట కోసం వెతుక్కుంటోందా? లంబాడీల భాష గోర్‌బోలి తెలిసిన నర్సు కాసేపు మాట్లాడిస్తే చాలావరకు తేలిపోతుంది. ఇంగ్లిష్‌లో చదివిన కుర్రాళ్లది ఇంకో తీరు. తమ బాధను ఎవరి సంగతో చెబుతున్నట్టు ఇంగ్లిష్‌లో నింపాదిగా వివరిస్తారు. తెలుగులోకి మారగానే గొంతు పూడుకుపోతుంది.

1973లో అమెరికాలో లూయిస్ మార్కోస్ బృందం స్పానిష్ మాతృభాషగా ఉన్న స్కిజోఫ్రెనియా రోగులను రెండు భాషల్లోనూ మాట్లాడించింది. ఇంగ్లిష్‌లో మాట్లాడినప్పుడు ఆ రోగులకే జబ్బు ఎక్కువగా ఉన్నట్టు తోచింది. 1981లో ప్రైస్, క్వెయార్‌ల అధ్యయనంలో ఇది తారుమారైంది: స్పానిష్‌లోనే లక్షణాలు ఎక్కువగా బయటపడ్డాయి. నాకు రెండూ నమ్మదగ్గవే. పరాయి భాషలోని తడబాటు జబ్బులా కనిపించవచ్చు. ఆ భాషలో ఆచితూచి మాట్లాడేవాడు తన భ్రమలను దాచుకోనూగలడు. అందుకే వీలైతే రెండు భాషల్లోనూ మాట్లాడించాలంటాను.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది దుబాసీగా కూర్చునే బంధువు. రోగి అయిదు నిమిషాలు ఎక్కడెక్కడి సంగతులో కలిపి మాట్లాడితే, “నిద్ర పడతలేదంటున్నడు సార్” అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ పొంతన లేకపోవడమే జబ్బు గుర్తు, అది మా దాకా రానే లేదు. ఇక అత్తగారు పక్కన కూర్చుని మాట అందిస్తుంటే, చచ్చిపోవాలనిపిస్తోందని ఏ కోడలు చెప్పగలదు?

రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. రోగి మాట వినడానికీ అంత పట్టింపు ఉండాలి. గిరిజన ప్రాంతాలకు దగ్గరగా ఉన్న ప్రతి పెద్దాసుపత్రిలో గోండి, గోర్‌బోలి, కోయ తెలిసిన శిక్షణ పొందిన మనిషి ఒకరుండాలి. యువ వైద్యులు కేస్ షీట్‌లో ఏ భాషలో మాట్లాడించారో, మధ్యలో ఎవరున్నారో తప్పక రాయాలి. మీ ఇంట్లోవాళ్లను మా దగ్గరికి తీసుకొస్తే, వాళ్లు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో మేం అడగకపోయినా చెప్పండి. తర్వాత కాసేపు బయట కూర్చోండి.